విలుకాండ్ర బసకు పోసిన ముగ్గు

ఈ ఉదయం బీజాపూర్‌లో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో కొత్త ఇంటికి ముగ్గు పోస్తున్నారు. తడి సున్నం వాసన ముక్కుకు తగలగానే టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. మా ఓవర్సీరు మల్లయ్యగారు గుర్తొచ్చారు. నాకు పని నేర్పింది ఆయనే. నేను నేర్చుకున్నానా అంటే, అది వేరే కథ.

అవి బస్తర్ సంస్థానం రోజులు. చుట్టుపక్కల సంస్థానాల ఆటల పోటీలను ఆ ఏడు జగదల్‌పూర్‌కు రప్పించాలని దివానుగారి పట్టుదల. వచ్చే ఆటగాళ్లను ఎక్కడ ఉంచుతారో నక్షా గీసి పంపమన్నారు పోటీల పెద్దలు. ఆ పని మా కచేరీకి వచ్చింది. భోపాల్‌పట్నం నుంచి వచ్చిన నేను అక్కడ తాత్కాలికపు నక్షానవీసును, అంటే కాగితం మీద ఇళ్లు గీసేవాణ్ణి. నా నక్షా నెగ్గితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇంకేం, కళ్లు నెత్తికెక్కాయి. రెండంతస్తులు, కమానులు, గాజు కిటికీలు, గదికి నాలుగు మంచాలు... రాజుగారి విడిదిలా గీసిపారేశాను.

మల్లయ్యగారు చూసి, "మస్తుగుంది. పా, ముగ్గు పోద్దాం" అన్నారు. కచేరీ వెనక నేల మీద, నా నక్షాలోని ఒక గదిని అసలు కొలతకు సున్నంతో గీయించి, నాలుగు మంచాలు వేయించారు. మా సంస్థానం తరఫున పోటీ చేయబోయే డోర్ల అనే అడవి తెగ విలుకాండ్రను పిలిచి, "ఇది మీ గది అనుకోండ్రి. ఎట్లుందో చెప్పుండ్రి" అన్నారు.

వాళ్లలో పెద్దవాడు ముత్తయ్య. గీత తొక్కకుండా, తలుపు ఉన్నచోటు నుంచే లోపలికి వచ్చాడు. మంచం మీద కూర్చోలేదు. నడుమ గొంతుక్కూర్చుని నలువైపులా చూసి, "నిప్పు ఏడ పెట్టుకోవాలె బాబూ?" అన్నాడు. చలికాలం పోటీలు మరి.

"రగ్గులిస్తం" అన్నాను.

"రగ్గు ఒక్కనికే గద. నిప్పయితే అందరం చుట్టూ పండుతం."

నాకు ఒళ్లు మండింది. వాళ్లు వెళ్లాక, "నక్షా అంటే ఏందో తెల్వనోళ్లను అడుగుతరేంది సార్?" అన్నాను.

"నక్షా తెల్వకుంటే ఏంది శంకరయ్యా, పండుడు తెల్వదా?" అని నవ్వారు మల్లయ్యగారు.

సిగ్గుపడి రెండోది గీశాను. వెదురు తడికెల గోడలు, పెంకు కప్పు, నడుమ వాకిలి, వాకిట్లో నెగడు. ఆయన చాలాసేపు చూసి, "ఇగో, ఇది ఇల్లు" అన్నారు. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆయన నన్ను మెచ్చుకోగా నేను వినలేదు. "రెండూ నీయే. ఏది పంపుతవో నువ్వే చూస్కో" అని కాగితాలు నా చేతిలో పెట్టారు.

తడికెల ఇల్లు చూసి దివానుగారు ఏమంటారో! ఉద్యోగం గుర్తొచ్చింది. మేడ బొమ్మే పంపాను. పోటీలు మాకే దక్కాయి, మేడ లేచింది, నేను ఖాయమయ్యాను. మల్లయ్యగారు ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

పోటీలు మొదలైన మర్నాడు పొద్దున ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లారు. మా విలుకాండ్రకిచ్చిన గదుల్లో మంచాల మీద దుప్పట్ల మడత చెదరలేదు. ముత్తయ్యవాళ్లు మేడ వెనక బయలులో నిప్పు చుట్టూ పండుకుని లేచి, బూడిద ఎత్తిపోస్తున్నారు. నన్ను చూసి ముత్తయ్య నొచ్చుకున్నాడు.

"ఇల్లు శాన మంచిగుంది బాబూ. మసి పడితె నీకు మాటొస్తదని బయటనే పండినం."

నాకు తల కొట్టేసినట్టయింది. మల్లయ్యగారు అటు తిరిగి నిలబడ్డారు.

ఆ ఉద్యోగం రిటైరయ్యేదాకా చేశాను. తర్వాత ఎవరికి ఇల్లు గీసినా, ముందు వాళ్లు ఎట్లా పండుకుంటారో అడిగాను. అది మల్లయ్యగారి చలవే. తప్పయిందని ఆయనతో ఎన్నోసార్లు చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా నక్షాతో లేచిన మొదటి ఇల్లు ఆ మేడే. ఎవరి కోసం గీశానో వాళ్లు ఒక్క పూటైనా అందులో పండుకోలేదు.