తాతయ్య మూర, నా మూర

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గోదారి ఒడ్డున మా ఊరి రేవుకు ఒక్కటే పడవ. దానికి చిల్లు పడితే ఊరంతటికీ సెలవే. పక్కింటి అక్క పదో తరగతి పరీక్షలకు సరిగ్గా మూడు రోజుల ముందు దానికి చిల్లు పడింది. పరీక్షేమో అవతలి ఒడ్డున. భద్రాచలం వంతెన మీదుగా చుట్టి పోదామంటే, మొదటి బస్సు ఎక్కినా అక్కడికి చేరేసరికి మిగతా పిల్లలు సగం రాసేసి ఉంటారు. ఒక్క పరీక్ష తప్పినా పుస్తకాలు అటకెక్కించి మిరపకాయ కోతకు పంపుతానని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు. అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను అక్క వాటా కూడా తిని నా వంతు సాయం చేశాను.

మా తాతయ్య ఒకప్పుడు చేపలు పట్టినవాడు. ఆయన దగ్గర తాటిమొద్దులు తొలిచి చేసిన దోనెలు రెండు ఉండేవి. ఒక్కో దోనెలో ఒక్క మనిషే కూర్చోవాలి, అదీ ఊపిరి బిగబట్టి. తుమ్మితే ఈతే. రెంటినీ పక్కపక్కన పెట్టి, అడ్డంగా వెదురుబొంగులు వేసి కడితే సంగడి అవుతుందనీ, అప్పుడు అక్కను దర్జాగా దాటించవచ్చనీ ఆయన ఆలోచన. నది మధ్యలో లోతెక్కువ, గెడకర్రకు అడుగు అందదు. తెడ్డు వేద్దామంటే ఆయన భుజం పైకి లేవదు. అందుకని యూరియా సంచులు కలిపి కుట్టి తెరచాప కూడా తగిలించాడు.

మొదటిసారి దోనెల మధ్య మూరెడు ఎడం మాత్రమే పెట్టాడు. రేవు దాటగానే గాలి ఒక్క తోపు తోసింది. తాతయ్య నీళ్లలో, సంగడి ఆయన పైన. ఒడ్డు మీద గిన్నెలు తోముతున్న మా నానమ్మ తల కూడా ఎత్తలేదు.

“ఏందయ్యా, తానం అయిందా? సబ్బు పంపాల్నా?”

తాతయ్య నానిపోయిన బీడీని నోట్లో అలాగే ఉంచుకుని ఒడ్డెక్కాడు. “కాళ్లు దగ్గర పెట్టి నిలబడ్డోడిని ఎవడన్న తోస్తడే. ఎడంగ పెట్టాలె” అన్నాడు.

ఆదివారం ఆ ఎడం మూడు మూరలైంది. ముందు బొంగును ఆయన కొలిచాడు, వెనక బొంగు నాకు అప్పగించాడు. నాకు తొమ్మిదేళ్లు, ఆ వయసులో నాకు తెలియని విషయం లేదు. మోచెయ్యి ఆనించి, వేళ్లు చాపి, ఊరందరికీ వినబడేలా లెక్కపెడుతూ మూడు మూరలు కొలిచాను. తాతయ్య తాళ్లు బిగించాడు. అక్క కూర్చోవడానికి పైన తడిక పరిచాం. ఇక కింద ఏముందో ఎవరికి కనిపిస్తుంది? అందరి కళ్లూ తెరచాప మీదే.

పరీక్షకు ముందే ఒకసారి చూద్దామని, సాయంత్రం తాతయ్య అక్కను ఎక్కించుకుని బయలుదేరాడు. ఈసారి సంగడి ఒరగలేదు. కానీ ఒక దోనె రాముడి దర్శనానికి పోతానంటుంది, రెండోది అడవిలోకి పోతానంటుంది. రెంటి మాటా కాదనలేక సంగడి గిరగిరా తిరిగి మళ్లీ మా రేవుకే వచ్చి ఆగింది.

“అయిపాయె తాతా. ఇగ నా బతుకు మిరప చేండ్లనే” అని అక్క ఏడుపు మొదలుపెట్టింది. వాళ్ల నాన్న గాలిని తిట్టాడు. మా నానమ్మ తాతయ్యను తిట్టింది, అది ఆవిడకు ఎప్పుడూ ఉన్న పనే. నేను ఎందుకు తగ్గాలి?

“తాతా, నీ కుట్టే వంకర. గాలంత సందులకెళ్లి పోతుంది” అన్నాను గట్టిగా.

తాతయ్య తడిక ఎత్తి చూశాడు. ముందు వెడల్పు, వెనక ఇరుకు. నన్ను దగ్గరకు పిలిచి, తన మోచేతి పక్కన నా మోచెయ్యి ఆనించాడు. నా వేళ్ల చివర్లు ఆయన మణికట్టు దగ్గరే ఆగిపోయాయి. నా నోరు అంతకుముందే ఆగిపోయింది. రేవంతా మమ్మల్నే చూస్తోంది. ఇక నవ్వుతారు, నేను గోదాట్లో దూకాలి అనుకున్నాను.

తాతయ్య అక్క వాళ్ల నాన్న వైపు తిరిగాడు. “తప్పు నాదేనయ్యా. నా చెయ్యే ఎక్కువ పొడుగు పెరిగింది. పిల్ల సక్కగనే కొలిచింది.”

“చేతులే పెరిగినయ్, బుద్ధి పెరగలే” అంది నానమ్మ. అందరూ నవ్వారు, ఆయన్ని చూసి. ఆయన కూడా నవ్వాడు.

తర్వాత ఒక వెదురు కర్రను తన మూడు మూరల పొడవుకు నరికి నా చేతిలో పెట్టాడు. “ముందట, ఎనక, రెండు దిక్కుల గిదే పెట్టి చూడు” అన్నాడు. తాళ్లు విప్పి మళ్లీ కట్టాం. సోమవారం పొద్దున అక్క హాల్ టికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి గుండెకు హత్తుకుని కూర్చుంది. సంగడి గీత గీసినట్టు పోయింది. అవతల కాలు తడవకుండా దిగి, అక్క వెనక్కి కూడా చూడకుండా బడివైపు పరుగెత్తింది. పరీక్షలన్నీ అలాగే రాసింది, పాసైంది. నేనేమో ఏడో తరగతిలో బడికి సెలవు పెట్టాను, ఆ సెలవు ఇంకా అయిపోలేదు.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఏ పనైనా వంకరపోతే నా నోరు ముందు పక్కవాడి కుట్టునే వెతుకుతుంది. అప్పుడు ఆ రేవూ, నా చేతి పక్కన ఆనిన ఆ ముడతల చెయ్యీ గుర్తొస్తాయి. మొన్న మా ఆయన మేకల కొట్టానికి తలుపు చేశాడు. ఒక పక్క అతను మూరలేసి కొలిచాడు, ఒక పక్క నేను. తలుపు పట్టలేదు. మేకలు కూడా చూస్తున్నాయి. అతని మొహం చిన్నబోయింది. “తప్పు నాదేలే, నా చెయ్యి పొట్టిది” అన్నాను.

మా ఆయన నాకంటే జానెడు పొట్టి. అది మేకలకు కూడా తెలుసు.