సామచేనుకి కట్టిన పాటలు

మా ఆయన పోయాక చెయ్యాల్సిన దినాలు అప్పుడే ముగిశాయి. నేను కొండ మీదికి పుల్లలకని వెళ్తుంటే మా మరిది సామచేలో ఏదో తళుక్కుమంది. ఒకటి కాదు. వెదురు కర్రలు పాతి, దారాలు కట్టి వరసగా వేలాడదీశారు. గాలికి గిర్రున తిరుగుతూ కళ్ళలో పొడుస్తున్నాయి. దగ్గరకెళ్ళి చూస్తే అవి మా ఆయన సీడీలు. నాకు చదువు నా పేరు గీసుకోవడం వరకే. అయినా వాటి మీది రాత ఎవరిదో నేను ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగి, సంత నుంచి తాగొచ్చిన మనిషి నడకలా ఉంటాయి.

కర్రలు పీకేశాను. చేను తొక్కుకుంటూ ఒక్కొక్కటీ తెంపి కొంగులో వేసుకున్నాను. మా తోటికోడలు మంచె దిగి పరుగెత్తుకొచ్చింది.

"సేనంతా తొక్కేత్తన్నావేటక్కా? పిచ్చెక్కిందేటి?"

"నీకెక్కింది పిచ్చి. సచ్చిపోయినోడి సొత్తు పిట్టలకి కట్టినావు."

"బావే ఇచ్చినాడు, దాయమన్నాడు. దేనికో సెప్పినాడేటి? మెరుత్తంది, సిలకలు వాలట్లేదు. అంతకన్నా ఏటికి పనికొత్తాదది?"

ఏళ్ళ తరబడి మా ఆయన్ని నేను అడిగిన మాటే అది. ఏటికి పనికొత్తాదని. నా మాట నాకే ఎదురొచ్చేసరికి ఇంకా మండింది. ఉన్న నాలుగు కర్రలూ విరిచి పారేసి ఇంటికొచ్చేశాను. పుల్లలు మర్చిపోయాను.

మా ఆయన అరకులో ఒక ఫొటో స్టూడియోలో పని చేసేవాడు. రైలు దిగిన పట్నం వాళ్ళు మా చీరకట్టు అద్దెకి కట్టుకుని, మా పూసలు మెడలో వేసుకుని, మా కుండ నెత్తిన పెట్టుకుని ఫొటోలు దిగేవారు. ఆ ఫొటోలు తీసేవాడు ఈయన. పగలంతా దొంగ గిరిజనుల్ని తీసి, సెలవు దొరికితే నిజం వాళ్ళ దగ్గరికి పోయేవాడు. భుజాన టేపు రికార్డరు వేసుకుని గూడేలన్నీ తిరిగి ముసలమ్మల చేత పాడించేవాడు. పెళ్ళి పాట, నాట్ల పాట, మనిషి పోతే ఏడ్చే పాట, అన్నీ కావాలి ఆయనకి. ఇంట్లో అంబలికి చోళ్ళు అయిపోయిన సంగతి మాత్రం అక్కర్లేదు.

అది తొంభైల నాటి మాట. అప్పుడే పట్నంలో కాలేజీలో పాఠాలు చెప్పే సారొకడు జీపులో వచ్చాడు. మా ఇంట్లోనే తిన్నాడు. వచ్చే చైత్రం పండక్కల్లా తిరిగి పంపిస్తానని చెప్పి గోనెసంచి నిండా క్యాసెట్లు పట్టుకుపోయాడు. అందులో మా అమ్మ పాడినదీ ఉంది. ఆ చైత్రం వెళ్ళింది, ఇంకో చైత్రం వెళ్ళింది. మా అమ్మా వెళ్ళిపోయింది. సంచి రాలేదు. మా ఆయన ఉత్తరాలు రాసి రాసి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు. జీపు చప్పుడు వినిపిస్తే చాలు, ఆ సారుని తిట్టుకునేదాన్ని. చప్పుడు ఎవరి జీపుదైనా సరే.

రెండు వేల సంవత్సరం దాటాక స్టూడియోలో కొత్త కంప్యూటరు కొన్నారు. పాతది మా ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచీ ఆ ఇల్లు నాది కాదు. చోళ్ళ గాదె జరిపి దాన్ని పెట్టాడు. వాన చినుకు పడితే నా మీద కప్పుకునే దుప్పటి తీసి దానికి కప్పేవాడు. మిగిలిన క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించాడు. ఆ తర్వాత కనపడిందల్లా ఎక్కించాడు. సంతకొచ్చిన అల్లం కొమ్ము, గోడకి అలికిన ఎర్రమన్ను, చచ్చిన పాము, ఎవరింట్లోనో పుట్టిన దూడ. "నిండిపోయిందే, జాగా లేదే" అనేవాడు, గాదె నిండిన రైతులాగ మురిసిపోతూ. నిండినదాన్ని సీడీలకి ఎక్కించి, కంప్యూటర్లోంచి తుడిచేసి, మళ్ళీ నింపేవాడు. ఆ సీడీలు మంచం కింద, దేవుడి మూల, ట్రంకు పెట్టెలో, చివరికి నా చీరల మడతల్లో. పక్క సర్దాలంటే ముందు అవి సర్దాలి.

మా కొండల వాన సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. జోరుగా కురిసి పోదు, నానబెడుతూ ఉంటుంది. చెప్పులకి బూజు పడుతుంది, తోలు బెల్టుకి బూజు పడుతుంది. ఒక ఏడు ట్రంకు తెరిస్తే సీడీల మీద తామర ఎక్కినట్టు మచ్చలు. కొన్ని పాడలేదు. కొన్ని పాడుతూ పాడుతూ నత్తిగా ఆగిపోయాయి. ఆ రోజు ఆయన అంబలి కూడా ముట్టలేదు. మర్నాడు వాటన్నిటినీ గుడ్డల్లో మూటలు కట్టి పొయ్యి మీద అటకెక్కించాడు. మేము విత్తనాలు పెట్టేది అక్కడే. సొరబుర్రల్లో సామలు, కొర్రలు, కంకులతోనే కట్టిన మొక్కజొన్న. పొగ తగిలితే పురుగు రాదు, చెమ్మ చేరదు. నేను పగలబడి నవ్వాను. మొలకెత్తుతాయేటి అని అడిగాను.

ఆ వేసవిలో గూడెంలో ఒకరి ఇల్లు కాలిపోయింది. తిండిగింజలు పోయాయి గానీ విత్తనం పోలేదు. ఎందుకంటే మాలో ఎవరూ తమ విత్తనం మొత్తం తమ ఇంట్లోనే ఉంచుకోరు. ప్రతి బుర్రలోంచీ కాస్త తీసి చుట్టాల ఇళ్ళ అటకల మీద పెడతారు. ఒక ఇల్లు కాలితే ఇంకో ఇంటి నుంచి గంప వస్తుంది. కాలిన ఇంటికి గంపలు రావడం మా ఆయన చూశాడు. ఇంటికొచ్చి మూటలు దింపాడు. ఇల్లిల్లూ తిరిగి సీడీలు పంచిపెట్టి, పొయ్యి మీద అటకలో పెట్టండి, నేను అడిగే వరకూ తియ్యకండి అని చెప్పొచ్చాడు.

అక్కడే బుర్ర తక్కువ పని చేశాడు. విత్తనమైతే ఆ ఇంట్లో ఉన్నదీ సామే, ఈ ఇంట్లో ఉన్నదీ సామే. ఈయన ఒక ఇంటికి ఇచ్చిన పాట ఇంకో ఇంటికి ఇవ్వలేదు, తమ్ముడింటికైతే మూటెడు ఇచ్చాడు. ఒకసారి ఎక్కించినదాన్ని మళ్ళీ ఎక్కిస్తే ఖాళీ సీడీ దండగని ఆయన లెక్క. ఆ ఖాళీ దానిలో ఇంకో కొత్త ముసలమ్మని పట్టొచ్చు కదా. ఆశ అలాంటిది. ఏ ఇంటికి ఏది ఇచ్చాడో ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏటి వానల్లో జ్వరం తగులుకుంది. ఆసుపత్రికని ఘాటు రోడ్డు దిగే జీపులోనే పోయాడు. చెప్పే మనిషి లేకుండా పోయాడు.

చేలో గొడవైన వారానికి మా మరిది మా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. పెళ్ళాం తరఫున పోట్లాటకి వచ్చాడనుకున్నాను. కాదు. ఆ పట్నం సారు కబురు పంపాడట. మా ఆయన పోయిన సంగతి ఎవరో చెప్పారట. వచ్చే సంత రోజున జీపు తెస్తాడట, కంప్యూటరూ సీడీలూ అన్నీ పట్టుకెళ్ళి భద్రం చేస్తాడట. మా మరిది సరేనని మాటిచ్చేశాడు.

"ఎవరిదని ఇచ్చినావు?"

"మా అన్నది కాదేటి వదినా. పెద్ద కాలేజీలో పెడతారట, అన్న పేరు రాత్తారట. ఇక్కడుంటే ఎలకలు కొట్టెయ్యవేటి?"

"ఎలకలు కొట్టినా నా ఇంట్లో కొడతాయి. ఆ సారు కొడితే ఏ కన్నంలో ఎతుకుతావు?"

మాటిచ్చాను, తల కొట్టేసినట్టవుతుంది అంటూ గొణిగాడు. నీ తలే కదా, నాది కాదు అన్నాను. ఆ మనిషి వెళ్ళాక కూర్చుని ఆలోచించాను. ఆ సామాను మీద నాకేమీ ప్రేమ లేదు. ఉన్నన్నాళ్ళూ సవతిలా చూశాను. కానీ ఒక సంచి ఘాటు దిగిపోయి తిరిగి రాలేదు. రెండోది కూడా దిగిపోతే మా గూడెం ముసలమ్మలు మొత్తం దిగిపోయినట్టే. మా ఆయన బతుకూ దిగిపోయినట్టే. ఆయన దాని మీద పోసిన కాలమంతా నా దగ్గర గుంజుకున్నదే కదా. నా దగ్గర గుంజుకున్నదాన్ని ఇంకొకడు జీపులో వేసుకు పోతాడా?

సంత రోజు లోపల ఇల్లిల్లూ తిరిగాను. ఒకరింట్లో సీడీ మంచినీళ్ళ కుండకి మూతైంది. ఒకరింట్లో దేవుడి మూలలో కుంకం బొట్టు పెట్టించుకుని దర్జాగా కూర్చుంది. దాన్ని ఇవ్వనన్నారు, ఇంటికి మంచి జరిగిందట. దానికి కొబ్బరికాయ కొట్టి మరీ తీసుకున్నాను. ఒక ముసల్ది అద్దం అనుకుని ముఖం చూసుకుంటోంది. అది నీ పాటేనే అంటే, నా మొగం కనపడతంది గానీ పాటేది, అంది. చాలా ఇళ్ళలో చెప్పినట్టే అటక మీద ఉన్నాయి. కానీ పొగకి నల్లబడి, జిడ్డు పట్టి, కొన్ని వేడికి వంకర తిరిగి పెనం మీది అట్టుల్లా ఉన్నాయి. చేలల్లో కట్టినవి గీతలు పడి గీతలు పడి, పూత రాలి, వెనకున్న కొండ కనపడుతోంది. అందరితోనూ తగువే. ఇచ్చినప్పుడు తీసుకున్నారు, అడిగితే ముఖం మాడ్చారు. ఎవరితోనూ మాటలు లేకుండా అయింది నాకు ఆ వారం.

సంత రోజు సారు వచ్చాడు. జుట్టు నెరిసింది. వంగి నమస్కారం పెట్టాడు. మా మరిది కుర్చీ తెచ్చాడు. నేను నిలబడే ఉన్నాను. మా ఆయన గురించి మంచి మాటలు చెప్పి, ఇవి ఇక్కడ ఉంటే రెండు మూడు వానలకి ఏమీ మిగలదు అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. నా కళ్ళముందే నల్లగా పడున్నాయి. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"ముందటి సంచి ఏదీ?" అన్నాను.

సారు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. కాలేజీలో ఒక గదిలో పెట్టించానన్నాడు. తర్వాత ఆ గది మార్చారట, పైన నీళ్ళు కారాయట, తాను వేరే ఊరు బదిలీ మీద వెళ్ళాడట.

"దొరకలేదమ్మా. వెతికాను" అన్నాడు చివరికి.

"అందులో మా యమ్ముంది. ఆ గదిలో నాననిచ్చేసినావు. ఇప్పుడు ఇయ్యి కూడా ఇమ్మంటన్నావు. ఏ గదిలో నానబెట్టడానికి?"

మా మరిది వదినా అని మెల్లిగా అన్నాడు. నువ్వు నోరుముయ్యి అన్నాను. పట్టుకెళ్ళను, నకలు తీసుకుంటాను, మీవి మీ దగ్గరే ఉంటాయి అన్నాడు సారు. నాకు నమ్మకం కలగలేదు. ఉన్నదాన్ని తీసుకుపోతే ఉన్నది ఉన్నట్టే ఎలా ఉంటుంది? గాదెలోంచి గంపెడు తీస్తే గాదె తగ్గదా? అయినా ఒక మాట పెట్టాను. నకలేదో ఈ గుమ్మంలోనే తియ్యి. సీడీ గడప దాటకూడదు. నీకు తీసుకున్నట్టే మా గూడెంలో ఇంటికొకటి తీసియ్యి. అన్నిళ్ళకీ ఒకే రకం. విత్తనం అడిగినవాడు గంప తేవాలి, వట్టి చేతులతో రాకూడదు.

సారు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? ఖాళీ సీడీలకని మళ్ళీ పట్నం దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాడు. చిన్న కంప్యూటరు ఒకటి ఒళ్ళో పెట్టుకునేది తెచ్చాడు. మా వరండాలో చాప మీద కూర్చుని పని చేశాడు. కరెంటు పోతే ఎదురు చూసేవాడు. దోమలు కుడితే కొట్టుకునేవాడు. నేను అంబలి పోశాను, కోడి కొయ్యలేదు. వెనకటిసారి కోశాను కదా.

సగానికి సగం పాడలేదు. మసి పట్టినవి గుడ్డతో తుడిస్తే కొన్ని లేచాయి. వంకర తిరిగినవి ఇక లేవలేదు. మా మరిది చేలోవి దాదాపు అన్నీ పోయాయి. లేచిన ప్రతిదానిలోనూ పాటకి ముందు మా ఆయన గొంతు. "ఆఁ, కానియ్యమ్మా." అంతే, ఆ ఒక్క మాటే. ఇన్నేళ్ళు అందరి గొంతులూ దాచి తనది మాత్రం అంతే దాచుకున్నాడు. పోయే ముందు నాతో ఆ మాత్రం కూడా అనలేదు. వరండాలో గుమిగూడిన ఆడవాళ్ళు నా ముఖం చూస్తున్నారు. చూడనీ అని పొయ్యి ఊదుకున్నాను.

నకలు అయ్యాక నేను ఒక పని చేయించాను. మా సీడీలే మళ్ళీ పెట్టించి విన్నాను. గొంతు ఏమైనా పలచబడిందేమోనని. సారుకి నవ్వొచ్చి ఆపుకున్నాడు. పలచబడలేదు. అయినా ఇంకోసారి పెట్టమన్నాను.

వెళ్తూ సారు, మీ అమ్మగారి విషయంలో క్షమించండి అన్నాడు. జీపు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి సీడీలు మూట కట్టి అటకెక్కించాను. ఈసారి పొయ్యికి నేరుగా కాదు, కాస్త పక్కకి.

ఇంటింటికీ నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. మాట్లాడనివాళ్ళకి గుమ్మంలో పెట్టి వచ్చాను. ఒకరిద్దరి ఇళ్ళలో ఇప్పుడు సీడీలు పాడే పెట్టెలున్నాయి, పెడతారో లేదో తెలీదు.

ఏడాది తిరిగింది. సామ ఎన్ను తీసింది. కొండెక్కుతుంటే మా మరిది చేలో మళ్ళీ తళుక్కుమంది. కర్ర పీకడానికే వెళ్ళాను. తోటికోడలు మంచె మీద నుంచి దిగలేదు ఈసారి, అక్కడ నుంచే అరిచింది.

"తొక్కకక్కా. అదే పాట నీకాడుంది, నాకాడుంది, అందరి కాడా ఉంది కదేటి."

నిజమే. కర్ర మీద వేసిన చెయ్యి తీసేశాను. కానీ చూస్తూ ఉండగానే ఒక చిలక వచ్చి ఆ సీడీ కింది ఎన్ను మీదే వాలి తాపీగా తినసాగింది. దాన్ని నేను తోలలేదు.