బాబా కుట్టిన తోలు టోపీ

దయ్యాలంటే నాకు నవ్వులాట. రాయచోటిలో ఆటో తోలే రోజుల్లో శ్మశానం గోడ నీడలో బండి ఆపుకుని మధ్యాహ్నం కునుకు తీసేవాణ్ణి. గాలి సోకిందని ఎవరైనా తాయెత్తు కట్టించుకుంటే ఏడిపించడంలో నేనే ముందుండేవాణ్ణి. ఇప్పుడు ఇది చదివి మీరు నన్ను ఏడిపించినా నాకు కోపం రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పదకొండేళ్ళుగా ఖతర్‌లోనే ఉన్నాను, ఐన్ ఖాలిద్‌లో ఒకే ఇంటికి డ్రైవర్‌గా. ఇంటి పెద్దాయనను మేమంతా బాబా అనేవాళ్ళం. ఆయనకు డేగలంటే ప్రాణం. ఏటా వేట సీజన్‌లో సరిహద్దు దాటి సౌదీ ఎడారికి వెళ్ళేవాళ్ళం. డేగకు కూడా పాస్‌పోర్ట్ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకంటే దానికే దర్జా ఎక్కువని నవ్వుకున్నాను.

వేటాడేది హుబారా పక్షిని. మన కర్నూలు వైపు బట్టమేక పిట్ట ఉంటుంది కదా, దానికి చెల్లెలనుకోండి.

ఒకరోజు సరదాకి, ఊళ్ళో కోళ్ళను పిలిచినట్టు డేగను "బో... బో... బో..." అని పిలిచాను. రాజులాంటి పక్షిని కోడిని చేస్తావా అని బాబా తిట్టారు. మర్నాటి నుంచి ఆయనే అలా పిలవడం మొదలుపెట్టారు. ఆయన నోట అది "బూ... బూ..." అయ్యేది. ముందరి పళ్ళ సందులోంచి, చివర చిన్న ఈల కూడా వచ్చేది. డేగ ఆ పిలుపుకే వచ్చి చేతి మీద వాలేది.

ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ట్రాన్స్‌మీటర్ కట్టే పని నాకు నేర్పారు. డేగ ఎటు పోయినా జాడ తెలియడానికి తోక ఈకకు కట్టే చిన్న మిషన్ అది. దానికి ఒక అయస్కాంతం ముక్క అంటించి ఉంటుంది. ఆ ముక్క పీకితేనే సిగ్నల్ వస్తుంది. నేను కట్టగానే బాబా అరచెయ్యి చాపేవారు. ముక్క పీకి అందులో పెట్టేవాణ్ణి. ఎనిమిదేళ్ళు అలాగే చేశాం.

మొన్నటి చలికాలం మొదట్లో బాబా పోయారు. ఆసుపత్రిలో నాతో అన్న చివరి మాట కూడా డేగ గురించే. జాగ్రత్తగా చూసుకో అన్నారు.

కొడుకు నాసర్ ఎప్పుడూ వేటకు వచ్చినవాడు కాదు. ఆఫీసు, లాప్‌టాప్, అంతే ఆయన లోకం. తండ్రి బతికున్నప్పుడు ఒక్కసారైనా వెంట వెళ్ళలేదన్న బాధ ఆయన్ని లోపల తినేస్తోందని నాకు తెలుసు. చలి పోయి ఎండ ముదురుతోంది, ఇంక రెండు రోజుల్లో సీజన్ అయిపోతుందనగా నా గది దగ్గరికి వచ్చి, "రమణా, బాబా వెళ్ళే చోటికి నన్ను తీసుకెళ్తావా?" అని అడిగారు. తెల్లవారకముందే బయలుదేరాం.

ఎడారిలో ఆ రోజు గాలి లేదు. సన్నటి దుమ్ము పొగలా నిలబడిపోయి, ఆకాశమూ ఇసుకా ఒకే రంగులో కలిసిపోయాయి. ఎంత నడిచినా ఉన్నచోటే ఉన్నట్టుంది. కళ్ళు తెరిచే ఉన్నా నిద్రమత్తుగా ఉంది.

మధ్యాహ్నం దాటాక దూరంగా హుబారా లేచింది. నాసర్, వదిలేదాకా డేగ బెదరకుండా కళ్ళకు కప్పి ఉంచే కొత్త టోపీ తీసి జేబులో పెట్టుకుని వదిలారు. అది రెండు క్షణాల్లో దుమ్ములో కరిగిపోయింది.

కాసేపటికి నాసర్ చేతిలోని రిసీవర్‌ను అటూ ఇటూ తిప్పి, "మాఫీ సిగ్నల్, రమణా. క్యా హువా?" అన్నారు, సిగ్నల్ లేదు, ఏమైందని.

నా చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళింది. అయస్కాంతం లేదు. మిషన్ కట్టాను గానీ ముక్క పీకనే లేదు. చాపే చెయ్యి లేక మరిచిపోయాను. చీకటి పడేలోపు దొరక్కపోతే డేగ ఇంక దొరకదు. ఆ కొడుక్కి తండ్రి గుర్తుగా బతికి ఉన్నది అదొక్కటే. తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గులేకుండా నేనూ ఆయనతో పాటు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయన కారు తీసుకుని ఒకవైపు, నేను నడిచి ఒకవైపు వెళ్ళాం. ఎంతసేపు నడిచానో తెలియదు. అప్పుడు వినిపించింది.

"బూ... బూ... బూ..."

చివర చిన్న ఈల.

నాకు భయం వేయలేదు. అదే నాకు ఇప్పటికీ వింత. పొద్దున్నే ఇంట్లో ఎవరో టీకి పిలిచినట్టు అటు నడిచాను. గొంతు దగ్గర కాలేదు, దూరమూ కాలేదు. అది ఆగిన చోట ఒక ముళ్ళపొద ఉంది. పొద పక్కన ఇసుక దిబ్బ మీద డేగ కూర్చుని ఉంది, కదలకుండా.

దాని కళ్ళకు టోపీ ఉంది. ఎర్ర తోలుది, పక్కన ఒక కుట్టు తప్పినది. బాబా తన చేత్తో కుట్టినది. ఆయన పోయాక దాన్ని ఎవరూ వాడలేదు. ఇంట్లో, ఆయన కుర్చీ పైన మేకుకు వేలాడుతూ ఉండేది.

ఆ టోపీ వెనక రెండు తోలు పట్టీలుంటాయి. ఒక చేతి మీద డేగ ఉంటుంది కాబట్టి ఒక పట్టీ రెండో చేత్తో, ఇంకోటి పళ్ళతో పట్టి లాగితేనే బిగుస్తుంది. పక్షి తనంతట తాను పెట్టుకునేది కాదు.

ఫోన్ చేస్తే నాసర్ వచ్చారు. టోపీని చూశారు. నేను ఏడుస్తూ డేగ తోకకున్న అయస్కాంతం చూపించాను. "మరిచిపోయాను సార్, తప్పు నాదే" అన్నాను. ఆయన మెల్లగా అరచెయ్యి చాపారు. ముక్క పీకి అందులో పెట్టాను. ఎవరు నేర్పారో తెలియదు, అచ్చం బాబాలాగే పిడికిలి మూశారు.

ఇంటికి రాగానే వంట చేసే సత్యవతక్కను అడిగాను. అక్కది అమలాపురం దగ్గర పల్లెటూరు. "అదేంటి రమణా, మీరెళ్ళాక పది గంటలప్పుడు నేనే దులిపానయ్యా దాన్ని! మేకుకే ఉంది, ఒట్టు" అంది. మేకు ఖాళీగా ఉంది. నా చేతిలో టోపీ చూసి అక్క అక్కడే కూలబడింది.

నాసర్ ఇప్పుడు రోజూ సాయంత్రం డేగ దగ్గర కూర్చుంటున్నారు. నా దగ్గర ఆ పిలుపు నేర్చుకుంటున్నారు. ఆయనకు ఈల రావడం లేదు.

ఎండదెబ్బ అనుకున్నాను. అక్క పొరబడిందనుకున్నాను. నేనే పరధ్యానంలో టోపీ కారులో వేసి ఉంటానని కూడా అనుకుని చూశాను. కానీ నాసర్ రాకముందు నేను డేగను చేతి మీదికి తీసుకున్నప్పుడు పళ్ళతో లాగే ఆ పట్టీ చివర నా వేలికి తగిలింది. చుట్టుపక్కల చుక్క నీరు లేని ఆ ఎడారిలో అది తడిగా ఉంది. అయస్కాంతం సంగతి ఒప్పుకోగలిగాను గానీ, ఈ మాట మాత్రం ఇప్పటికీ ఆయనకు చెప్పలేకపోయాను.