స్కాను గదిలో వయసు అడిగిన గొంతు

కల్పించి చెప్పడం నాకు చేతకాదు. గ్యాస్ బండ మార్చిన తేదీ కూడా నోట్‌బుక్కులో రాసుకునే మనిషిని. ఇదీ రాసుకున్నాను... రాత్రి పదకొండూ నలభైకి నా మనవరాలు జాహ్నవిని స్కాను గదిలోకి తీసుకెళ్లారు.

పాపకు ఫిట్స్. ఆ నెలలోనే తొమ్మిది సార్లు. మందులకు లొంగలేదు. మెదడు ఎదిగేటప్పుడే ఎక్కడో తేడా పడి ఉంటుందని, ఆ చోటు దొరికితే ఆపరేషన్ చేయవచ్చని డాక్టరమ్మ చెప్పారు. చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చాం. పగలు ఖాళీ లేదు. రాత్రికి దొరికింది.

స్కాను తీసే అబ్బాయి పాప వయసు అడిగాడు. ఆధార్ కార్డు చూసి చెప్పాను.

"ఆరేండ్ల ఒక నెల."

"నెలతో సహా చెప్తాండావే అవ్వా."

"మాయమ్మ అంతేలేప్పా. గడియారం గూడా ఆమెను చూసే టైము సరిచేసుకుంటాది," అన్నాడు నా కొడుకు ప్రకాశు.

అబ్బాయి నవ్వాడు. "మంచిదే. ఈ కంప్యూటరు శానామంది పిల్లకాయల స్కాన్లు సూసి నేర్చుకోనుండాది. అదే వయసోళ్లతో పోల్చి, తేడా ఉండే చోట ఎర్రగా సూపిస్తాది. వయసు తప్పితే అంతా తప్పే."

చేతిలోని కార్డు మళ్లీ ఒకసారి చూశాను.

పాపకు నిజంగా నాలుగేళ్ల ఏడు నెలలు. బడిలో ముందుగా చేర్చాలని నేనే ఆధార్‌లో ఏడాదిన్నర పెంచి రాయించాను. మా వైపు చాలామంది చేసేదే. ప్రకాశు నా వైపు చూశాడు. కార్డుకు తేడాగా చెప్తే స్కాను తీయరేమోనని, కార్డు సంచిలో పెట్టేసుకున్నాను. అమ్మకు తెలుసులే అనుకున్నాడేమో... ఊరుకున్నాడు.

పాపకు మత్తు ఇచ్చారు. కమ్మలు, గాజులు తీయించి నన్ను పక్కనే కూర్చోనిచ్చారు. చెవుల్లో దూది. మిషను మొదలైంది. దబ్ దబ్ దబ్... కాళ్ల కింద నేల అదిరింది. పాపను పడుకోబెట్టిన మిషను గొట్టం బయటికి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

ఉన్నట్టుండి చప్పుడు ఆగింది.

చలి... ఎక్కడో కిచ్... కిచ్... అని సన్నటి శబ్దం.

"అవ్వా..."

గొట్టం లోపలి నుంచి. మత్తు లేని గొంతు.

"అవ్వా... నాకెన్నేండ్లు?"

పాదాలు చూశాను. కదలలేదు. వేళ్లు కూడా.

"నాకెన్నేండ్లవ్వా?"

"ఆరు," అన్నాను.

చాలాసేపటికి మళ్లీ మిషను మొదలైంది.

బయటికి రాగానే అబ్బాయిని అడిగాను. "లోపలుండే మైకులో పాప గొంతు వినపడిందా నాయనా?"

"లేదే. నువ్వు 'ఆరు' అనింది ఒకటే వినపడింది. ఎవురితో మాట్లాడినావవ్వా?"

కాసేపటికి తెర మీద పాప మెదడు వచ్చింది. సగానికి పైగా ఎరుపు. అప్పుడు చెప్పాను, అసలు వయసు. అబ్బాయి కంప్యూటరులో వయసు మార్చి మళ్లీ నడిపించాడు. ఎరుపంతా పోయింది. కుడివైపు బఠానీ గింజంత చోట మాత్రం నిలిచింది. మరునాడు డాక్టరమ్మ కూడా అక్కడే వేలు పెట్టి చూపించారు.

ఆ గొట్టంలో నుంచి అడిగింది ఎవరో ఈ రోజుకీ నాకు తెలియదు. కానీ ఆ క్షణంలో... అడుగుతున్నది మా పాపే అనుకున్నాను. అనుకునే, ఆరు అన్నాను.