ముప్పై ఒక్క ఓట్ల ఎమ్మెల్యే గారు

బుధవారం. తెల్లవారినప్పటి నుంచి మబ్బు, తూర్పు గాలి. షాపు తెరిచి, నిన్న మిగిలిపోయిన ట్యూబుకి రెండు అతుకులు వేశాను. అవి ఆరుతుండగా మెడికల్ షాపు అతను రోడ్డవతల నుంచి కేకేశాడు.

"బాబాయ్! మీ ఎమ్మెల్యే పోయాడంట. విజయవాడ ఆసుపత్రిలో, పొద్దున్నే."

ఊళ్ళో అందరూ ఆయన్ని నాతో 'మీ ఎమ్మెల్యే' అనే అంటారు. ఇరవై ఏళ్ళపాటు మా ఊరి పోలింగ్ బూతులో ఆయన తరఫున ఏజెంటుగా కూర్చున్నది నేనే. ట్యూబులో గాలి నింపి తొట్టిలో ముంచి చూశాను. బుడగలు రాలేదు. నాకు ఏడుపూ రాలేదు. ఎందుకు రాలేదో రాయాలి.

మధ్యాహ్నం ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "మావయ్యా, పెద్దకర్మ నాటికి చిన్న పుస్తకం వేస్తున్నాం. నాన్నగారి ఎలక్షన్ల సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. డైరీలు రాస్తావుగా, ఒక పేజీ రాసివ్వు. కాస్త బాగా రాయి." వచ్చే ఎన్నికల్లో అతను నిలబడతాడని అనుకుంటున్నారు. రాస్తానన్నాను. ఇది ఆ పేజీ.

ఆయన్ని నేను మొదట చూసింది ఇండిపెండెంటుగా నిలబడ్డప్పుడు. గుర్తు కుట్టుమిషన్. పెదపారుపూడి వైపు నుంచి వస్తుంటే సరిగ్గా మా షాపు ముందు స్కూటరు పంక్చరయింది. నేను టైరు ఊడదీస్తుంటే ఆయన బల్ల మీద కూర్చుని ఓటర్ల జాబితా తెరిచాడు.

"బావా, ఈ వీధిలో ఎవరెవరున్నారో చదువుతూ చెప్పు."

ఎవరినైనా బావా అనే పిలిచేవాడు. పేర్లు గుర్తుపెట్టుకునే శ్రమ ఉండదని తర్వాత ఆయనే చెప్పాడు.

"నాకు చదవడం రాదండీ" అన్నాను. రెండో తరగతితో బడి మానేసినవాణ్ణి.

"మనుషులు తెలుసుగా! జాబితా నీ దగ్గరే ఉంచుకో. తెలిసిన పేర్లు వెతుక్కుంటూ పోతే అక్షరాలు అవే వస్తాయి."

అలాగే వచ్చాయి. మొదట మా అమ్మ పేరు దొరికింది, తర్వాత మా వీధి, తర్వాత ఊరు. నేను చదువు నేర్చుకున్నది ఓటర్ల జాబితాలో. డైరీ రాయడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. ఈ మేలు ఒప్పుకుంటాను. ఇంకో మేలు కోసం ఎంత వెతికినా నాకు కనబడలేదు.

ఆ మొదటిసారి ఓడిపోయాడు. రెండోసారి ఒక పార్టీ టిక్కెట్టు మీద గెలిచాడు. మూడోసారి అదే పార్టీ తరఫున ఓడాడు. నాలుగోసారి పార్టీ మారి గెలిచాడు. ఐదోసారి డిపాజిట్టు పోయింది. ఆరోసారి ఎవరూ టిక్కెట్టివ్వలేదు. ఆయన ఎన్నికల చరిత్ర ఇంతే. గెలిచిన రెండుసార్లకీ గుర్తుగా మా ఊళ్ళో ఒక బస్ షెల్టరు ఉంది. గుడ్లవల్లేరు కాలేజీకి వెళ్ళే పిల్లలు ఎండలో దాని కింద నిలబడతారు. వానలో నిలబడరు, కారుతుంది.

చావు ఇంటికి అందరికంటే ముందు వెళ్ళేవాడు. చెప్పులు విడిచి గుమ్మం దాటేలోగా ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చూసుకునేవాడు. కారెక్కగానే ఆ లెక్క నాకు చెప్పేవాడు. చనిపోయిన మనిషి గురించి మాత్రం ఒక్క మాటా ఉండేది కాదు. పంచాయతీ ఎన్నికలయ్యాక కూడా అంతే, "గెలిచినోడింటికి అందరూ వెళ్తారు బావా, ఓడినోడింటికి మనం వెళ్ళాలి. వచ్చేసారికి వాడు మనోడవుతాడు" అనేవాడు. తెలివైన మాటే. అందులో జాలి లేదని తెలుసుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఒకసారి దివిసీమలో వరద నీళ్ళు నిలిచిపోతే బియ్యం ట్రాక్టరుతో వెళ్ళాం. నడుంలోతు నీళ్ళలో దిగి ఫొటో తీయించుకున్నాడు. సరిగా రాలేదంటే మళ్ళీ దిగాడు. రెండోసారి దిగినప్పుడు ఒక ముసలాయన్ని భుజానికెత్తుకుని కరకట్ట మీదికి చేర్చిన మాట నిజం. ఆ ఫొటో చాలా ఏళ్ళు మా గోడల మీద ఉంది. ఆ పెద్దాయన పేరేమిటని తిరిగొచ్చేటప్పుడు అడిగాను.

"ఏమో బావా. ఆయన ఓటు మన దగ్గర లేదుగా" అన్నాడు.

ఇప్పుడు నాలుగో ఎన్నిక సంగతి. కొడుకు దీనికోసం అడిగి ఉండడు.

ఆ ఎన్నికకి కొన్ని నెలల ముందు కొత్త జాబితా వచ్చింది. ఇంటింటికీ సరిచూసి, తప్పుపడిన పేర్లన్నీ ఒక తెల్లకాగితం మీద వరసగా రాశాను. ముప్పై ఎనిమిది వచ్చాయి. ఎక్కువమంది మా షాపు వెనక వీధి సాయిబులు. మూడో పేరు పరుపుల పెద్దమ్మది. షాపు వెనకింట్లో దూది పరుపులు కుడుతుంది. షాపు పెట్టిన నాటి నుంచి నా తొట్టిలోకి ఆమె కుళాయి నీళ్ళే. అప్పటికే ఆమెకి అరవై దాటాయి. జాబితాలో ముప్పై నాలుగని పడింది, ఫొటో మసి పూసినట్టుంది. వీటిని దిద్దించండని ఆ కాగితం ఆయన చేతికిచ్చాను. చదివి జేబులో పెట్టుకుని, "నీ దస్తూరీ బాగా కుదిరింది బావా" అన్నాడు. ఆ మాటకి వారం రోజులు సంతోషపడ్డాను.

పోలింగు ముందురోజు సాయంత్రం ఆ కాగితం నాలుగు మడతలతో మళ్ళీ నా చేతికొచ్చింది. దాంతోపాటు రెండు రూపాయల బిళ్ళల సంచి.

"ఆ వీధి ఓట్లు మనకి పడవు. వీళ్ళు రాగానే ఛాలెంజ్ చెయ్. జాబితాలో ఉన్న మనిషి వీళ్ళు కాదని చెప్పి రెండు రూపాయలు కట్టు. ఆఫీసరు విచారించాలి, ఒక్కోళ్ళకి పది నిమిషాలు పడుతుంది. ఓటు ఆపమనట్లేదు బావా, ఆలస్యం చెయ్, చాలు. ఎండకి వాళ్ళే పోతారు."

"దిద్దించడానికి కదండీ ఇచ్చాను."

"దిద్దేస్తే ఇంకెందుకు పనికొస్తుంది?" అన్నాడు.

పెద్దమ్మ పదకొండు గంటలకి వచ్చింది. బడి గదిలో నన్ను చూసి, "పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నావా నాయనా?" అని అడిగింది. నేను లేచి, ఈమె ఆ పేరు గలావిడ కాదండీ అన్నాను. బల్ల మీద బిళ్ళ పెట్టాను.

ఆఫీసరు కుర్రవాడు. జాబితా చూశాడు, ఆమెని చూశాడు. "ఈవిడ మీకు తెలుసా?" అని నన్నడిగాడు.

"తెలీదండీ."

అవతలి పార్టీ ఏజెంటు నాతోపాటు పెరిగినవాడే. పగలబడి నవ్వాడు. "తెలీదంటావేంట్రా! నీ తొట్టిలో నీళ్ళెవరింటివిరా?"

ఆఫీసరు అతన్ని మాట్లాడొద్దన్నాడు. పుస్తకం తీసి, వేరేవాళ్ళ ఓటు వేస్తే జైలు శిక్ష ఉంటుందని ఆమెకి చదివి వినిపించాడు. పెద్దమ్మ అదంతా విని నా వైపు తిరిగింది.

"నేనెవరో నువ్వే చెప్పవయ్యా వాళ్ళకి."

నేను జాబితాలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె ఓటరు చీటీని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నేను ఇంకెవర్నీ ఆపలేదు. అందులో గొప్పేమీ లేదు. ఆమె తిరిగి వెళ్ళడం చూసి లైన్లో ఉన్న ఆ వీధివాళ్ళు సగంమంది వాళ్ళే వెళ్ళిపోయారు. నా పని అక్కడితో అయిపోయింది.

బందరులో లెక్కింపు జరిగింది. రెండుసార్లు లెక్కపెట్టాక ముప్పై ఒక్క ఓట్ల తేడాతో గెలిచాడు. హాలు బయట నన్ను కావలించుకుని, "ఈ ముప్పై ఒకటీ నీవే బావా!" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అప్పటి నుంచి మీటింగుల్లో నన్ను చూపించి అదే చెప్పేవాడు, జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆ పోలింగు రోజు నా డైరీలో ఇంతే ఉంది: 'ఎండ. పోలింగు. మధ్యాహ్నం పులిహోర. సాయంత్రం తొట్టిలో నీళ్ళు లేవు.' మర్నాటి నుంచి కాలవ నీళ్ళు మోసుకున్నాను. పెద్దమ్మ కుళాయికి రావద్దనలేదు. నేనే వెళ్ళలేదు. ఆమె మళ్ళీ ఏ ఎన్నికకీ బూతుకి రాలేదు. నేను మాత్రం ఐదోసారి కూడా ఆయనకే కూర్చున్నాను. మానేస్తే ఎందుకు మానేశావని ఎవరైనా అడుగుతారని భయం.

పోయిన నెల ఆయన్ని చూడ్డానికి గుడివాడ వెళ్ళాను. నోరు ఒకపక్కకి పోయింది. మాట ముద్దగా వస్తోంది.

"బావా, మీ వెనక వీధిలో ఇప్పుడు మనకెన్ని?"

"మీరు నిలబడట్లేదు కదండీ."

"అబ్బాయికి."

అప్పుడడిగాను. "ఆ కాగితం నేను దిద్దించడానికే ఇచ్చానండీ, గుర్తుందా?"

"ఏ కాగితం?"

దాచడం లేదు. నిజంగానే గుర్తులేదు. పదిహేనేళ్ళు నేను మోసింది ఆయనకి ఒక్కరోజు కూడా బరువనిపించలేదు. బస్సెక్కి వచ్చేశాను. బతికుండగా ఆయన్ని నేను చూసింది అదే ఆఖరు.

నిన్న, గురువారం, ఆయన ఊరేగింపు మా రోడ్డు మీదుగానే వెళ్ళింది. షాపు మూయలేదు. దండలేసిన వ్యానులో దివిసీమ ఫొటోనే పెట్టారు. ముసలాయన ముఖం పూల కింద పడిపోయి కనబడలేదు.

ఇక్కడిదాకా రాసి, కొడుక్కి పంపేముందు ఈ పొద్దున పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. ఆమెకి తెలుగు చదవడం రాదు. గుమ్మం బయట నిలబడి అంతా చదివాను. పాత పరుపు విప్పి దూది విడదీస్తూ వింది. 'తెలీదండీ' అన్నచోట చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"అయిపోయిందా?"

"నువ్వెవరో నాకు తెలుసు పెద్దమ్మా."

"నాకు చెప్తావేంటయ్యా? నేనెవరో నాకు తెలీదా? ఆ బల్ల దగ్గర చెప్పాల్సిన ముక్క. ఆయన పోయేదాకా ఆగి తెచ్చావు."

ఈసారి కొడుక్కి ఏజెంటుగా కూర్చోనని చెప్పాను.

"కూర్చో" అంది. "ఎవరికి కూర్చుంటావో నాకనవసరం. నువ్వు లేకపోతే ఎవడో నన్నెరగనివాడు కూర్చుంటాడు. ఈసారి నేనొస్తాను. వాళ్ళడుగుతారు. అప్పుడు చెప్పు, అందరూ వినేలా."

సరేనన్నాను. వెళ్ళబోతుంటే తలెత్తకుండానే అంది, "కుళాయి పదింటిదాకానే వస్తుంది."

శుక్రవారం. మబ్బు విడిచింది. పెద్దమ్మకి కాగితం చదివాను. కొడుక్కి ఫోన్ చేసి, పేజీ తయారైంది, మనిషిని పంపమన్నాను. పదింటికి ముందే బకెట్ తీసుకుని పెద్దమ్మ కుళాయికి వెళ్ళాను.