పాఠాల్లేని కోర్సు

కాలేజీలో ఆమెను అందరూ మైకు మేడం అనేవారు. పెద్ద హాల్లో ఆమె ఇంగ్లీషు పాఠం చెబితే వరండా చివర నీళ్లు తాగేవాడికి కూడా వ్యాకరణం వంటబట్టేది. ఆ గొంతును చూసే కాబోలు, శాఖాధిపతి ఒక కొత్త కోర్సు తయారుచేసే పని ఆమెకు అప్పగించాడు. పిల్లలు ఒక ప్రశ్న ఎంచుకుని, పుస్తకాలు వెతికి, పరిశోధనా వ్యాసం రాయాలి. ఆఖర్న నలుగురి ముందు నిలబడి దాన్ని మాట్లాడి ఒప్పించాలి.

ఆమె ఎగిరి గంతేసినంత పనిచేసింది. భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి వారం వారానికి పాఠాలు పేర్చుకుంది. ప్రశ్నను ఎలా కుదించాలి, వ్యాసంలో వాడుకున్న మాట ఎవరిదో ఎలా చెప్పాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ ఎలా మాట్లాడాలి, అన్నీ తనే చెప్పాలనుకుంది.

గొంతు బొంగురుపోవడం అప్పుడే మొదలైంది. చల్లగాలి అనుకుంది. వేడినీళ్లు పుక్కిలించింది. తగ్గలేదు. ఏదో గరుకుగా అడ్డం పడ్డట్టుండేది. సాయంత్రమయ్యేసరికి మాటల చివరి అక్షరాలు రాలిపోయేవి.

ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసింది.

"ఎవరండీ మాట్లాడేది? అక్కకివ్వండి."

"నేనేనే."

"అక్కా, రేపే డాక్టరు దగ్గరికెళ్లు. చెప్తున్నా."

"ముందు కోర్సు కమిటీలో పెట్టాలే. అదయ్యాక చూద్దాం."

కమిటీ వాయిదా పడుతూ వచ్చింది. ఆమె కాగితాలు దిద్దుతూ పోయింది. మొదటి వారంలో తన ఉపన్యాసం కొట్టేసి, పిల్లలే జంటలుగా కూర్చుని ఒకరి ప్రశ్నను ఒకరు గుచ్చి గుచ్చి అడగాలని రాసింది. తర్వాతి వారమూ అంతే. ఇదే మంచి పద్ధతని తనకు తాను చెప్పుకుంది. అది నిజమే కూడా. కానీ పాఠం కొట్టేసిన ప్రతిసారీ ఆమె చెయ్యి గొంతు మీదికి పోయేది.

శాఖాధిపతి మొత్తం చదివి కళ్లజోడు తీశాడు. "చాలా బాగుంది మేడం. కానీ ఇందులో మీరెక్కడా లేరేంటి?"

ఆమె నవ్వబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన మొహం మారిపోయింది. ఆ మొహం చూశాకే ఆమెకు భయం పుట్టింది.

మర్నాడు చెల్లెలు వచ్చి ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఆమె ముక్కులోంచి సన్నని గొట్టం దించి, తెర మీద గొంతు లోపలి గడ్డను చూసింది. దాన్నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక, "క్యాన్సర్. స్వరపేటిక తీసేయక తప్పదమ్మా" అంది.

"పిల్లల ప్రసంగాలయ్యేదాకా ఆగలేమా?" అని ఆమె గుసగుసగా అడిగింది.

"ఆగీ ఆగీ ఇక్కడిదాకా తెచ్చుకున్నావు!" అని చెల్లెలు ఏడుస్తూనే తిట్టింది.

ఆపరేషన్ జరిగింది. కమిటీ ఒప్పుకున్నాక, ఆమె రాసినట్టే ఓ కుర్ర లెక్చరరు కోర్సు నడిపాడు. ఆఖరి ప్రసంగాల రోజున ఆమె మెడకు కండువా చుట్టుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. వెనక్కి తిరిగి చూడ్డానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

మురికి కాల్వ నీటి మీద పరిశోధన చేసిన ఒక అమ్మాయి మధ్యలో తడబడి గొణగసాగింది. మేడం చివరి బెంచీలోంచి లేచి, నెమ్మదిగా ముందుకు నడిచి, బోర్డు మీద రాసింది: "నాకు వినపడలేదు. మళ్లీ చెప్పు."

ఆ అమ్మాయి మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి గట్టిగా.

తలుపు దగ్గర చెల్లెలు నిలబడి గడియారం చూపిస్తోంది. ఆమె మెడ పక్కన కొత్తగా తేలిన గడ్డకు ఆ మధ్యాహ్నమే స్కాన్. అమ్మాయి ముగించేదాకా ఆమె కదల్లేదు.