ముప్పై ఏడో ఉత్తరం

కింగ్‌స్టన్ దాటాక, టొరంటో వెళ్లే బస్సులో నా పక్క సీటాయన నా లాప్‌టాప్‌లోకి తొంగి చూడడం అది మూడోసారి. పక్కవాడి కాగితంలోకి చూసే జబ్బు నాకూ ఉంది కాబట్టి ఊరుకున్నాను. నాలుగోసారి ఆయనే ఉండబట్టలేక అనేశాడు.

“అంకుల్, ఏమీ అనుకోకండి. పద్నాలుగో అధ్యాయం రెండుసార్లుంది.”

నలభై ఏళ్లు ఊళ్లు పట్టి తిరిగి రాసుకున్న పుస్తకం అది. అధ్యాయాల అంకెలన్నీ నా చేత్తో వేసినవే. మధ్యలో కొత్త అధ్యాయం దూర్చినప్పుడల్లా కిందివన్నీ దిద్దుకుంటూ వచ్చాను. ఎక్కడో చెయ్యి జారింది.

“అంకె టైప్ చేయకూడదండీ. ఇది శీర్షిక అని చెప్పి వదిలేయాలి. లెక్క అదే వేసుకుంటుంది. ఇటివ్వండి.”

ఇచ్చాను. ఒక్కో శీర్షికా సరిచేస్తూ మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటున్నాడు. “రెండులోపు మెయిల్ పెడతామన్నారు,” అన్నాడు నేను అడక్కుండానే. ఆ మెయిల్ మీద అతని ఉద్యోగం ఆధారపడి ఉంది. వర్క్ పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉంది. ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోవడానికి పెట్టిన PR అప్లికేషన్, భార్య అమృత పర్మిట్, పాప బడి, అన్నీ దాన్ని పట్టుకునే ఉన్నాయి. అప్పుడు టైము పన్నెండున్నర.

ఒకప్పుడు తంజావూరులో తాటాకు కట్టలు తిరగేస్తూ నెల్లాళ్లు గడిపాను. పాఠం రాసినవాడు చివర్లో నడుం పోయిందనో, మెడ వంగిపోయిందనో ఒక్క మాటైనా రాసుకుంటాడు. ఆకుల అంచున వరస అంకెలు వేసినవాడు వేరే మనిషైతే, అతని ఊసు ఎక్కడా దొరకదు. ఆ అంకెలే లేకపోతే కట్ట తెగిన రోజున ఆ గ్రంథం చెత్తకుప్పే. ఈ పక్క సీటాయన ఆ రెండోవాడి కోవకు చెందినవాడు.

పేరు రాజగోపాల్. బాపట్ల మనిషి, నలభైకి ఒక ఏడాది తక్కువ. కనాటా అనే ఊళ్లో ఒక కంపెనీలో ఆరేళ్లుగా చేస్తున్నాడు. మనుషుల వివరాలు ఒక పక్క పోస్తే రెండో పక్క నుంచి కాంట్రాక్టులు, నోటీసులు, రిపోర్టులు వేల సంఖ్యలో తయారై వచ్చే ప్రోగ్రాములు రాస్తాడు. “చదివేవాళ్లు మాటలు చూస్తారండీ. నేను మాటకి ముందుండే నంబరు, చుక్క, ఖాళీ చూస్తాను,” అన్నాడు.

ఫిబ్రవరిలో డైరెక్టర్ రామమోహనరావు అతన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ముప్పై ఆరుగురిని తీసేస్తున్నాం, ఉత్తరాలు కావాలన్నాడు. పేర్లు మాత్రం చెప్పనన్నాడు. అవి HR వాళ్లు చివర్లో చేరుస్తారు, నమూనా తయారుచేసి ఇస్తే చాలన్నాడు. ఒక్కో ఉత్తరంలో ఐదు శీర్షికలు: చివరి పనిదినం, జీతం, ఇన్సూరెన్సు, తిరిగి ఇవ్వాల్సిన వస్తువులు, సంతకం. వస్తువుల కింద మూడు చుక్కలు: లాప్‌టాప్, కార్డు, తాళంచెవి.

మొదటి రోజు నంబర్లు ఆగలేదు. మొదటి ఉత్తరం ఐదుతో ముగిస్తే రెండోది ఆరుతో మొదలైంది. ముప్పై ఆరోవాడి ఉత్తరం నూట డెబ్బై ఆరుతో మొదలైంది. “వాడు ఉద్యోగం పోయిందని ఏడవాలా, నూట డెబ్బై అయిదు కాగితాలు ఎక్కడ పోయాయని వెతుక్కోవాలా!” అన్నాడు రాజగోపాల్. ప్రతి ఉత్తరానికీ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేలా చేశాడు.

తరువాత పేరు సంగతి. మొదటి శీర్షికలోనే ఉద్యోగి పేరు వస్తుంది. పేరు పొడుగైతే రెండో లైనులో పడుతుంది. ఆ రెండో లైను నంబరు కిందికి జారకూడదు, మాటల కిందే నిలవాలి. అది పరీక్షించాలంటే బాగా పొడుగు పేరు కావాలి. ఆఫీసులో అందరికీ అతను రాజ్. పాస్‌పోర్టులో మాత్రం తిరుమల పెద్దింటి వెంకట లక్ష్మీనరసింహ రాజగోపాలాచార్యులు. కంపెనీ మొత్తంలో అంత పేరు ఇంకెవరికుంది? పేర్ల జాబితాలో మొదటి వరసలో అదే పెట్టాడు. ఫోన్లో ఎలా కనిపిస్తుందో చూద్దామని మెయిల్ ఐడీ కూడా తనదే పెట్టాడు. రెండో లైను కుదురుగా నిలిచింది. ఆ సంబరంలో ఆ వరస తీసేయడం మరిచిపోయాడు.

HR వాళ్లు దాని కింద ముప్పై ఆరు పేర్లు అతికించి పంపేశారు. పంపింది సుప్రజ. రోజూ అతనితో కలిసి లంచ్ చేసే అమ్మాయి. “అంత పేరు చూసి, ఎవరో రిటైర్మెంట్‌కి దగ్గరున్న పెద్దాయన అనుకున్నానండీ రాజ్ గారూ,” అందట.

మెయిల్లో వచ్చిన ఉత్తరం తను పంపుకున్న పరీక్షల్లోదే అనుకున్నాడు. సోమవారం పొద్దున కార్డు పెడితే ఆఫీసు తలుపు తెరుచుకోలేదు.

“ఏమయ్యా రాజ్, నిన్ను నువ్వే పీకేసుకున్నావా!” అని రామమోహనరావు ఫోన్లో దగ్గొచ్చేదాకా నవ్వాడు. సాయంత్రానికి లాయర్లతో మాట్లాడాక గొంతు మారింది. “నీదొక్కటీ వెనక్కి తీసుకుంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? ఉత్తరంలో ఒక్క నంబరు తప్పున్నా చెల్లదని వాదించేవాణ్ణి. నువ్వేమో తప్పు లేకుండా చేసి పెట్టావు.” అయినా మళ్లీ చూస్తామన్నారు. ఆ జవాబే రెండు గంటలకు రావాలి.

నేను నవ్వాను. ఆపుకుందామని చూశాను గాని వల్ల కాలేదు. రాజగోపాల్ నా వంక చూసి తల దించుకుని ఇరవై ఒకటో శీర్షిక సరిచేశాడు.

టొరంటో శివార్లలో, రెండుకి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. చదివి నా ముందు పెట్టాడు. నిర్ణయంలో మార్పు లేదట. అతను తయారుచేసిన నమూనాలోనే, అవే నంబర్లతో వచ్చింది. వస్తువుల కింద చుక్కలు మాత్రం మూడు కాదు, నాలుగు. లాప్‌టాప్, కార్డు, తాళంచెవి. నాలుగోది: ప్రతి ఉత్తరానికీ నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యే పద్ధతిని రాసి ఇవ్వవలెను.

“అంటే ఇంకో బ్యాచ్ ఉందన్నమాట,” అన్నాడు. పేరు మీద వేలు పెట్టాడు. “చూడండి, రెండో లైను ఎంత బాగా నిలిచిందో.”

నాకు నా పనే గుర్తుకొచ్చింది. “ఇంకో ఏడు అధ్యాయాలున్నాయి కదా,” అన్నాను. అతను ఏడూ పూర్తిచేశాడు. పద్నాలుగు ఒక్కటే మిగిలింది, దాని కింద పదిహేను వచ్చింది.

బస్సు స్టాండులోకి తిరుగుతోంది. అక్కడి నుంచి వాటర్లూ వెళ్లే బస్సు అందుకోవాలట, ఆ ఊళ్లో స్నేహితుడు శ్రీహర్ష ఉన్నాడట. ఉపకారానికి బదులు చెయ్యాలనిపించింది. ముందుమాటలో కృతజ్ఞత రాస్తానన్నాను.

“మీ పూర్తి పేరు చెప్పండి. ఇందాక విన్నదాంట్లో మధ్య ముక్కలు సరిగ్గా గుర్తున్నాయో లేదో.”

అతను లాప్‌టాప్ మూసి నా ఒళ్ళో పెట్టాడు. బస్సు ఇంకా పూర్తిగా ఆగలేదు. పైనుంచి బ్యాగు దించుకుని, ముందువాళ్లను తప్పించుకుంటూ మెట్లు దిగి, మురికి మంచు కుప్పలు దాటుకుంటూ వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.